ఏరి పారేసిన గింజలు

పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదంటారు. నాకు పుట్టుకతో వచ్చింది అనుమానం. పాలు పలచగా ఉంటే నీళ్లు కలిపాడని పాలతని మీద అనుమానం, చిక్కగా ఉంటే ఇంకేం కలిపాడోనని మరింత అనుమానం. ఆటోవాడు అడిగినంతకు ఒప్పుకుంటే తక్కువ అడిగాడెందుకని దారంతా ఆలోచించే మనిషిని. అలాంటిదాన్ని, ఆ ఏడు వానలు మొదలైన నాటి నుంచి కోతల దాకా, అనుమానించాల్సిన మనిషిని ఒక్కణ్ణే వదిలేసి మిగతా లోకాన్నంతా అనుమానించాను. నా తెలివి తెల్లారినట్టే ఉంది.

అప్పట్లో మేముండేది పంటల పరిశోధన క్షేత్రం వాళ్ల క్వార్టర్స్‌లో. రెండు గదులు, వెనక కాస్త పెరడు, పెరట్లో బట్టలుతికే బండ, బండ పక్కనుంచి వాడిన నీళ్లు పోయే కాలువ. నేను, మా ఆయన, మా అత్తయ్య. మా ఆయన మడుల్లో కొలతలు తీసే మనిషి. మొక్క ఎత్తెంత, కంకి పొడవెంత, గింజ చివర మీసంలాంటి ముల్లు ఎన్ని సెంటీమీటర్లు, పదకొండేళ్లుగా ఇదే పని. నేను గింజల గదిలో కవర్ల మీద లేబుళ్లు రాస్తాను. నా చేతిరాత అచ్చు గుద్దినట్టుంటుందని అక్కడ పేరు. ఇద్దరివీ టెంపరరీ ఉద్యోగాలే. ఏటా మార్చి వస్తే ఉంచుతారా ఊడపీకుతారా అని గుండె పీచుపీచుమంటూ ఉండేది.

ఆ ఏడు ఒక్క పర్మనెంట్ పోస్టు వచ్చింది. కోతలయ్యాక ఒకరికి ఇస్తామన్నారు. పోటీలో ఇద్దరు. ఒకరు మా ఆయన. రెండో ఆయన్ని అందరూ కళ్లజోడు అనేవారు. నలభై దాటిన మనిషి, సీసా అడుగులంత మందం అద్దాలు, అవి జారిపోకుండా వెనక ఒక దారం. అంతకుముందు ఏదో విత్తనాల కంపెనీలో పనిచేసి వచ్చాడు. కంపెనీ ఉద్యోగం వదులుకుని ఇక్కడికెందుకొచ్చాడు? నేను అడగాల్సిన మొదటి ప్రశ్న అదే కదా. అడిగాను కూడా.

"అక్కడ ఒకే రకం గింజ లక్ష సంచుల్లో పోస్తారమ్మా. విసుగొచ్చింది," అన్నాడు.

విసుగొచ్చి జీతం వదులుకున్నవాణ్ణి నేనెక్కడా చూడలేదు. ఆ రోజు నుంచే ఆయన మీద ఓ కన్నేసి ఉంచాను.

మా క్షేత్రంలో శాస్త్రవేత్త అయిన మా మేడమ్ పని చేసేది అడవి వరి మీద. ఎవరూ నాటకుండా, ఎవరూ నీళ్లు పెట్టకుండా మడుగుల్లో దానంతటది మొలిచే వరి. సముద్రపు పోటుకు ఉప్పునీళ్లు ఎక్కే ఒక మడుగులో ఆవిడ నెలరోజులు మోకాలిలోతు బురదలో తిరిగింది. ఆ వరి మామూలు వరిలా మనం కోసేదాకా ఆగదు, పండీ పండగానే రాల్చేస్తుంది. అందుకని కంకి కంకికీ గుడ్డసంచి కట్టి, రాలినవి రాలినట్టు పట్టి, చివరికి ఒక చిన్న సంచీడు గింజలు తెచ్చింది. ఆవిడ వచ్చిన రెండు నెలలకు ఆ మడుగు పూడ్చి రోడ్డు వేశారు. ఇక మళ్లీ తెచ్చుకుందామన్నా మడుగు లేదు.

ఆ గింజలు నా అరచేతిలో పోసి చూపించింది మేడమ్. నల్లవి, ఎర్రవి, బూడిదరంగువి, జానెడు మీసాలున్నవి, అసలు మీసమే లేకుండా మన పొలంలో వడ్లలా బొద్దుగా ఉన్నవి.

"తాలు చాలా ఉంది మేడమ్," అన్నాను.

"తాలు కాదమ్మా, అవే అసలు సరుకు," అని నవ్వింది. "ఈ బొద్దుగా ఉన్నవి పక్క పొలాల వరితో కలిసి పుట్టుంటాయి. ఉప్పునీళ్లు తగిలితే ముందు చచ్చేవి అవే. ఒకే మడుగులో పుట్టినా ఏ రెండూ ఒకలా ఉండవు. కొన్ని ఉప్పుకి చస్తాయి, కొన్ని బతుకుతాయి. ఏవి బతుకుతాయో, ఎలా బతుకుతాయో తెలిస్తే, ఉప్పుదేలిన నేలలున్న రైతులందరికీ రేపు అన్నం దొరుకుతుంది. ఒక్క గింజ కూడా పోవడానికి వీల్లేదు."

సగం మడిలో వేయాలి, సగం గింజల గదిలో చల్లని అలమరలో దాచాలి. ఏ గింజా గేటు దాటకూడదన్నది క్షేత్రం నియమం. కలం గేటు దాటచ్చు, కాగితం దాటచ్చు, గింజ మాత్రం దాటకూడదు.

సరిగ్గా వానలు మొదలయ్యే రోజుల్లో మా అమ్మకు కంటి ఆపరేషన్ అయింది. నేను రెండు రోజులు ఆసుపత్రిలో ఉండిపోయాను. మేడమ్ కూడా ఏదో మీటింగుకి వెళ్లింది. సోమవారం పొద్దున నేను తిరిగొచ్చేసరికి గింజలు పంచడం, లెక్కబెట్టి కవర్లలో పోయడం అంతా అయిపోయి ఉంది. మా ఆయనే చేశాడు. ఏ పనైనా చివరి నిమిషం దాకా నాన్చే మనిషి రెండు రోజుల్లో అంత పని ముగించాడంటే నాకే ఆశ్చర్యం. మేడమ్ భుజం తట్టింది. పోస్టు మాదేనని నాకు అప్పుడే అనిపించింది.

ఆ సాయంత్రం టీ తాగుతుంటే అత్తయ్య గొణుక్కుంటోంది. "నేను చేయి పెట్టకపోతే ఏదీ బాగుపడదు. మీ ఆఫీసు సంగతి చెప్పనే అక్కర్లేదు. ఆ మట్టీ మశానం..."

"అమ్మా, టీలో పంచదార తక్కువైంది," అన్నాడు మా ఆయన.

అత్తయ్య ఆఫీసుని తిట్టడం మాకు మామూలే. ఆయన బట్టలకంటిన మట్టి ఉతికేది ఆవిడే కదా. పైగా అత్తయ్య చేతిలో చేట పడిందంటే చూడాలి. నాలుగు విసుర్లలో బియ్యం ఒక పక్క, నూక ఒక పక్క, రాళ్లు ఒక పక్క. ఆవిడ బాగుచేసిన బియ్యంలో పంటి కింద రాయి తగిలిందన్న మాట ఆ ఇంట్లో ఎవరూ ఎరగరు. మా ఆయన పంచదార రెండు చెంచాలు వేసుకుని కలపకుండానే తాగేశాడు. అది నేను చూశాను. చూసి ఊరుకున్నాను.

నారు పోశారు, నాట్లు వేశారు. అడవి వరి మడి మొత్తం పచ్చగా, నిటారుగా, దువ్వెనతో దువ్వినట్టు లేచింది. దారినపోయేవాళ్లు ఆగి చూసేవారు. మేడమ్ ఒక్కతే గట్టు మీద నిలబడి ముఖం ముడుచుకుంది.

"ఇంత ఒద్దికగా ఉందేంటి?" అంది.

"బాగా వచ్చింది కదా మేడమ్," అన్నాను.

"బాగా రావడమే బాగాలేదమ్మా. అడవి వరి ఇలా రాదు. ఒకటి పొడుగు, ఒకటి పొట్టి, ఒకటి నేలంతా పరుచుకుని... ఇలా అక్కచెల్లెళ్లలా ఉండదు."

నెల తర్వాత మడిలోకి ఉప్పునీళ్లు వదిలారు. తొమ్మిదో రోజుకి మొక్కలన్నీ కూడబలుక్కున్నట్టు ఒక్కసారే ఎండిపోయాయి. ఒక్కటంటే ఒక్కటి మిగల్లేదు. మేడమ్ గట్టు మీదినుంచి తిన్నగా గింజల గదికి వచ్చి, అలమర తెరిచి, దాచిన సగం బల్ల మీద పోసింది. అన్నీ బొద్దుగా, లేతరంగులో, మీసం లేకుండా మెరుస్తున్నాయి.

"ఇవి నేను తెచ్చిన గింజలు కావు. ఎవరో మార్చేశారు," అంది. ఆవిడ నెలరోజుల బురద, ఆ మడుగు, ఆ రైతులు, అన్నీ ఆ గింజలు బల్ల మీద పడగానే కనబడకుండా పోయాయి.

మర్నాడే డైరెక్టర్‌గారు అందరినీ కూర్చోబెట్టారు. తాళం చెవి ఎవరి దగ్గరుంది, గదిలోకి ఎవరొచ్చారు, ఎప్పుడొచ్చారు. నిప్పు లేనిదే పొగ రాదు కదా, నాకు నిప్పు ఎక్కడుందో ముందే తెలుసు. వారం కింద కళ్లజోడు ఆ అలమర తీసి, చిటికెడు గింజలు కాగితంలో పొట్లం కట్టి చొక్కా జేబులో పెట్టుకోవడం నేను చూశాను. తలుపు సందులోంచి, నా రెండు కళ్లతో.

నిలబడి చెప్పేశాను.

కళ్లజోడు కాదనలేదు. "తీసుకున్న మాట నిజమే సార్. మడి చూసి నాకూ అనుమానం వచ్చింది. మేడమ్ మడుగు దగ్గర తీసిన ఫొటోలతో పోల్చి చూద్దామని తీశాను. పొట్లం ఇదిగో."

"మరి మేడమ్‌కి ఎందుకు చెప్పలేదయ్యా?" అన్నారు డైరెక్టర్‌గారు.

"రూఢి చేసుకోకుండా ఒకరి మీద మాట ఎలా వేస్తాను సార్? అవి పంచింది..." అని ఆగి, మా ఆయన వైపు చూసి, మళ్లీ నేల చూశాడు.

"అడిగితే పక్కవాడి మీదికి తోస్తున్నాడు చూడండి! కంపెనీవాళ్లకి అమ్ముకుని ఇక్కడ కథలు చెబుతున్నాడు," అన్నాను. ఎంత బాగా అన్నానో! గదిలో అందరూ తలలూపారు. మా ఆయన మాత్రం పెన్ను మూత తీస్తూ పెడుతూ కూర్చున్నాడు. ఒకరి వెనక గోతులు తవ్వలేని మంచితనమని మురిసిపోయాను.

ఆ సాయంత్రమే కళ్లజోడుని పొమ్మన్నారు. గేటు దగ్గర నాకు ఎదురయ్యాడు. చేతిలో టిఫిన్ డబ్బా, చంకలో గొడుగు.

"మీరు అబద్ధం చెప్పలేదమ్మా. మీరు చూసింది నిజమే," అన్నాడు. తిట్టినా బాగుండేది. ఇంటికెళ్లి తలుపేసుకున్నాక కూడా ఆ మాట నా వెంటే ఉంది.

తర్వాత నెలన్నర మా ఇల్లు పైకి బాగానే నడిచింది. పోస్టు కాగితాలు పై ఆఫీసుకి వెళ్లాయని కబురు వచ్చింది. అత్తయ్య చుట్టుపక్కల వాళ్లందరికీ చెప్పేసింది. మా ఆయనకే ఉత్సాహం లేదు. తేలు కుట్టిన దొంగలా ఉన్నాడు. కంచంలో అన్నం కెలికి లేచిపోయేవాడు. నాకు కొత్త అనుమానం పట్టుకుంది. ఒంట్లో ఏదైనా జబ్బు పెట్టుకుని దాస్తున్నాడేమోనని ఆయన చొక్కాజేబులు వెతికాను, మందుల చీటీ దొరుకుతుందేమోనని. ఏమీ దొరకలేదు.

ఒక ఆదివారం పొద్దున పెరట్లో చప్పుడైతే వెళ్లాను. పదకొండేళ్లలో పెరట్లో ఒక ఆకు తీసి అవతల పడేయని మనిషి, బండ పక్కన కూర్చుని కాలువ గట్టున మొక్కలు పీకుతున్నాడు. పీకినవి ఒక కుప్ప వేశాడు. ఆయన పిడికిట్లో ఉన్నదానికి అప్పుడే రంగు తిరుగుతున్న కంకి ఉంది. నల్లటి గింజలు, వాటికి జానెడు ఎర్రటి మీసాలు. మంచుకి తడిసి మెరుస్తున్నాయి.

"ఏంటండీ అది?" అన్నాను.

"గడ్డి," అన్నాడు, నా వైపు చూడకుండా.

పదకొండేళ్లుగా గింజల మీసాలు స్కేలు పెట్టి కొలిచిన మనిషి దాన్ని గడ్డి అన్నాడు.

వెళ్లి బండ మీద కూర్చున్నాను. బండ ఇంకా తడిగా ఉంది, చీర తడిసింది.

"చెప్పండి," అన్నాను.

చెప్పాడు. నేను ఆసుపత్రిలో ఉన్నప్పుడు మొదటివాన పడి గింజల గది పైకప్పు కారింది. సోమవారానికి పని పూర్తిచేయాలి, పూర్తిచేసి కళ్లజోడు కంటే ముందుండాలి. సంచి తీసి టిఫిన్ బ్యాగులో పెట్టుకుని గేటు దాటించి ఇంటికి తెచ్చాడు. వంటింట్లో చాప మీద పోసి లెక్కబెడుతూ, కవర్లు చాలక బజారుకెళ్లాడు. వచ్చేసరికి అత్తయ్య చేటతో కూర్చుని ఉంది.

"అమ్మ నన్ను చూసి, 'చూడరా, ఎంత శుభ్రం చేశానో. ఆ నల్లవీ, ముళ్లవీ అన్నీ ఏరి పారేశాను' అంది," అన్నాడు మా ఆయన. "ఎక్కడ పారేశావమ్మా అంటే, కాలువలో అంది. పరిగెత్తాను. వాన. కాలువ నిండా పారుతోంది. ఏం మిగుల్తుంది?"

"అప్పుడే మేడమ్‌కి చెప్పుంటే?"

"చెబుదామనే వెళ్లాను. ఆవిడ అంటించి ఉన్న కవర్లు చూసి భుజం తట్టింది. నోరు పెగల్లేదు."

"మరి నాకు?"

"నీకు చెబితే నువ్వు ఊరుకుంటావా?"

"కళ్లజోడుని పంపేస్తుంటే కూడా ఊరుకున్నారే! నేనే కదా నోరు చేసుకుని, సాక్ష్యం చెప్పి... నన్ను ఎలా చెప్పనిచ్చారండీ?"

ఆయన చేతిలో మొక్క వేళ్లనుంచి మట్టి రాలుతోంది. నాకు ఏడుపొచ్చింది, కోపమొచ్చింది, అన్నిటికంటే ముందు సిగ్గేసింది. ఆ రోజు పంచదార కలపకుండా టీ తాగిన మనిషిని చూసి కూడా నేను ఊరుకున్నాను. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకునేవాడు నా పక్కనే పడుకుని ఉంటే, నేను తలుపు సందులోంచి ఎవరినో చూస్తూ కూర్చున్నాను.

వంగి కాలువ వెంట వెతికాను. ఆయన పీకినవి పోగా, బండ కింద చీకట్లో మూడు దుబ్బులు మిగిలి ఉన్నాయి. ఒకటి నల్లగింజలది. ఒకటి నేలబారుగా పాకింది. ఒకటి ఎర్రటి కాడతో సన్నగా పొడుగ్గా ఉంది. ఏ రెండూ ఒకలా లేవు. అంట్లు తోమిన నీళ్లు, సబ్బు, సోడా, పచ్చడి జాడీ కడిగిన ఉప్పునీళ్లు, మా ఇంటి వాడుకనీళ్లన్నీ తాగి బతికాయవి.

లోపలికెళ్లి పాత దిండుగలీబు చించి మూడు సంచులు కుట్టాను. ఒక్కో దుబ్బు కంకులకీ ఒకటి కట్టాను, రాలిన గింజ రాలినట్టు అందులో పడేలా.

అత్తయ్య చూసి బుగ్గలు నొక్కుకుంది. "గడ్డికి సంచులు కట్టడమేంటే, ఆ ఆఫీసు గాలి నీకూ తగిలిందా?"

"తగిలింది అత్తయ్యా," అన్నాను.

ఇరవై రోజులు ఆ సంచులు పెరట్లో వేలాడాయి. మా ఆయన ముఖం కడుక్కోవడానికి వెళ్లిన ప్రతిసారీ వాటిని దాటుకునే వెళ్లాలి. పీకేస్తాడేమోనని నేను రోజుకి నాలుగుసార్లు వెళ్లి చూసేదాన్ని, స్నానం చేస్తున్నా మధ్యలో తొంగిచూసేదాన్ని. ఆయన పీకలేదు. ఒక రోజు గాలికి ఒక సంచి ముడి ఊడితే, నేను చూసేసరికి ఎవరో మళ్లీ బిగించి ఉన్నారు. అత్తయ్యకి ఆ రకం ముడి రాదు.

పోస్టు ఉత్తర్వు వచ్చేవారం వస్తుందనగా గింజలు రాలడం ఆగింది. మూడు కవర్లు తీసుకుని బల్ల దగ్గర కూర్చున్నాను. మా లేబుల్‌లో గడులుంటాయి. సేకరించిన చోటు. తేదీ. ఎవరెవరి చేతులు మారింది. మొదటి గడిలో "మా పెరడు, బట్టలుతికే బండ పక్క కాలువ" అని రాశాను. మూడో గడి దగ్గర ఆగాను. వెనకనుంచి మా ఆయన వచ్చి నిలబడ్డాడు.

"ఇది రాస్తే ఇల్లు ఖాళీ చేయాలి. తెలుసుగా?" అన్నాడు.

"తెలుసు."

"అమ్మ పేరు రాయకు. తను చేసిందేంటో తనకి ఇప్పటికీ తెలీదు. తెలిస్తే ఇక చేట పట్టుకోదు."

"అబద్ధం లేబుల్ నేను రాయనండీ."

ఆయన నా చేతిలోంచి కలం తీసుకున్నాడు. "గేటు దాటించినది నేను" అని రాసి, కింద తన పేరు పెట్టాడు. కోడి కెలికినట్టుంటుంది ఆయన రాత. కలం తీసుకుని దాని కింద నేను రాశాను: "ఏ తప్పూ చేయని మనిషి మీద సాక్ష్యం చెప్పినది నేను." మూడు కవర్ల మీదా అలాగే రాశాం. ఇద్దరం కలిసి తీసుకెళ్లి మేడమ్ చేతిలో పెట్టాం. ఆవిడ లేబుల్ రెండుసార్లు చదివింది. ఒక గింజ మీసాన్ని వేలితో తాకి, "ఇదే," అంది. మమ్మల్ని కూర్చోమనలేదు. ఒక గ్లాసు మంచినీళ్లు కూడా ఇవ్వలేదు.

పోస్టు కళ్లజోడుకి ఇచ్చారు. ఆయన ఇంటికి నేనే వెళ్లి క్షమించమని అడిగాను. "సరేలెండమ్మా," అన్నాడు. మా ఆయన ఉద్యోగం పోయింది. నన్ను ఉంచారు, నా చేతిరాత కోసమో, జాలికో నాకు తెలీదు. క్వార్టర్స్ ఖాళీ చేసి రెండు వీధుల అవతల అద్దెకి దిగాం. ఆయన ఇప్పుడు లారీలు తూచే కాటా దగ్గర పనిచేస్తున్నాడు.

మరుసటి సీజన్లో ఉప్పుమడిలో మూడు వరసలు వేశారు. ఒకటి చచ్చింది. ఒకటి పసుపుపచ్చగా మారి కొనఊపిరితో నిలబడింది. నల్లగింజలది మాత్రం కంకి వేసింది. మేడమ్ గట్టు మీద పిల్లలా గెంతింది. కళ్లజోడు స్కేలు పెట్టి మీసాలు కొలిచాడు. నాతో ఆయన మర్యాదగానే మాట్లాడతాడు. నేను గదిలోకి రాగానే మాత్రం సొరుగు మూసి తాళం వేస్తాడు. వేయనీ. ఆయన స్థానంలో ఉంటే నేను రెండు తాళాలు వేసేదాన్ని.

మా ఆయన ఇదంతా తల్లి కోసం దాచాడా, పోస్టు కోసం దాచాడా? అమ్మ కోసమే అంటాడు. సంచి ముడి బిగించింది ఆయనేనని నాకు తెలుసు. కుప్పగా పీకింది కూడా ఆయనే. నమ్ముదామని కూర్చుంటాను, సగం దూరం వచ్చి నమ్మకం ఆగిపోతుంది.

మొన్న అత్తయ్య కొత్తింటి వాకిట్లో బియ్యం చెరుగుతోంది. ఏరినవి పక్కన కుప్పపోసింది. నేను కూర్చుని ఆ కుప్పని వేళ్లతో కదిపి, ఒక్కొక్కటీ చూడసాగాను.

"ఏమే, నా చేతి మీద అనుమానమా?" అంది అత్తయ్య.

"మీ మీద కాదు అత్తయ్యా," అన్నాను.

కుళాయి దగ్గర కాళ్లు కడుక్కుంటున్న మా ఆయన నీళ్లు కట్టేసి, తడికాళ్లతోనే లోపలికి వెళ్లిపోయాడు.